ఎడమవైపు తిరగండి

మొన్న మాఘమాసంలో మా ఇంటికి ఒక శుభలేఖ వచ్చింది. నాలుగు మూలలా పసుపు, పైన వినాయకుడు, వధూవరుల పేర్లు, వాళ్ళ చదువులు, ముహూర్తం అన్నీ వున్నాయి. కళ్యాణమండపం పేరూ వుంది. అది ఏ పేటలో వుందో, ఏ గుడి పక్కన వుందో మాత్రం లేదు. ఆ చోట చీమలు పట్టిన పటికబెల్లం ముక్కలా, నల్లచుక్కలతో ఒక చదరపు గడి అచ్చువేశారు.

“అడ్రసు వెయ్యడం మరిచిపోయినట్టున్నారే!” అన్నాను.

మా కోడలు నవ్వింది. “ఆ గడే అడ్రసు, అత్తయ్యా! ఫోనుకి చూపిస్తే చాలు, అదే తీసుకెళుతుంది.”

“అదే తీసుకెళుతుంది” అన్న మాట ఆ రోజంతా నన్ను వదల్లేదు. పూర్వం శుభలేఖల అడుగున “ఫలానా స్టాపులో దిగి ఎవర్నడిగినా చెబుతారు” అని వేసేవారు, మీకు గుర్తుందా? ఆ “ఎవర్నడిగినా చెబుతారు” అన్న ముక్కలో ఎంత ధీమా వుండేదో! మనకి దారి చెప్పడానికే వూరు వూరంతా వీధుల్లో నిలబడి వుందా అన్నట్టుండేది. ఇప్పుడు ఎవర్నీ అడగనక్కర్లేదు. అడగనక్కర్లేకపోవడం మంచిదా, చెడ్డదా? ఇదేం పెద్ద వేదాంతమా అని మీరనవచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని, పోయిన ఏడాది ఒక సాయంత్రం దాకా. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నేను 1981లో కొత్తకోడలిగా హైదరాబాదు వచ్చాను. మాది గోదావరి జిల్లాలో చిన్న పల్లెటూరు. చెరువుగట్టు ఎక్కితే ఏ ఇంటి పొయ్యి రాజుకుందో కూడా తెలిసిపోయేది. అటువంటిదాన్ని తెచ్చి నల్లకుంటలో రెండు గదుల వాటాలో దింపారు. చెప్పొద్దూ, మొదటి రెండేళ్ళూ నాకు మ్యాపు మావారే. ఆయన ముందు, రెండడుగులు వెనకగా నేను. కోఠీ వెళ్ళినా, ఆబిడ్స్ వెళ్ళినా ఆయన చెప్పులు చూసుకుంటూ నడవడమే తప్ప దారి చూసిన పాపాన పోలేదు. చూడవలసిన అవసరం ఏముంది? ఆయనకి తెలుసుగా! అందుకని, ఈ కాలం పిల్లలు ఫోను చెప్పినట్టల్లా ఆడుతున్నారని నేను మూతి విరిస్తే అది శుద్ధ దొంగతనం. ఇంకొకరి బుర్రని నమ్ముకుని కాళ్ళు కదపడం నాకు ఏ ఫోనూ నేర్పలేదు.

మావారికి దారి తెలుసునన్నది కూడా పూర్తి నిజం కాదు లెండి. తెలియకపోయినా ఎవర్నీ అడగరు. ఒక మగవాడు రోడ్డుమీద ఆగి మరో మగవాణ్ణి దారి అడగడం ఎంత నామోషీయో మీ ఇంట్లో మీరూ చూసే వుంటారు. ఒకే వీధిలో మూడుసార్లు తిరిగి, “ఈ వీధి చూపిద్దామనే ఇటు తీసుకొచ్చాను” అనేవారు.

1983లో ఆయన క్యాంపుకి వెళ్ళినప్పుడు మా పెద్దాడికి జ్వరం వచ్చింది. పక్కవాటా వదినగారు, అంటే మా పక్క రెండు గదుల్లో వుండే ఆవిడ, వంటింటి గుమ్మంలో నిలబడి డాక్టరుగారింటికి దారి చెప్పింది. “శంకర్‌మఠం దాకా వెళ్ళు. అక్కణ్ణుంచి వేపచెట్టు వచ్చేదాకా నడు. చెట్టు దగ్గర ఇస్త్రీబండి వుంటుంది, అతన్నడుగు.” వెళ్ళడం బాగానే వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు తప్పిపోయాను. పిల్లాడు భుజంమీద నిద్ర, చీకటి పడుతోంది, ఏ సందు చూసినా మా సందులాగే వుంది. ఇంటి నెంబరు తెలుసు కానీ, హైదరాబాదు ఇంటి నెంబర్ల సంగతి మీకు చెప్పేదేముంది? రెండు అడ్డగీతలు, ఒక ఏటవాలు గీత, దాని పక్కన ఒక అక్షరం. లెక్కల పరీక్షలా వుంటుంది. ఒక నెంబరు పక్కింటికి ఆ తర్వాతి నెంబరు వుండాలన్న నియమం లేదు.

కిరాణాకొట్టతన్ని అడిగాను. పాలబూతు దగ్గర ముసలాయన్ని అడిగాను. కుళాయి దగ్గర బిందెలు పట్టుకుంటున్న ఆడవాళ్ళని అడిగాను. వాళ్ళలో ఒకామె బిందె పక్కన పెట్టి, మా సందు చివరిదాకా నాతో నడిచి వచ్చింది. ఇల్లు చేరి ఏడుస్తూ కూలబడితే వదినగారు మంచినీళ్ళిచ్చి ఒక మాటంది. “పోనీలే, తప్పిపోతే తప్పిపోయావు. ఇవాళ్టితో ఆ నాలుగు వీధులూ నీవైపోయాయి.”

నిజంగానే నావైపోయాయి. ఆ రాత్రి తర్వాత ఆ పేటలో నేను మావారి చెప్పులు చూసుకుంటూ నడవలేదు. తప్పిపోవడం అనే ఫీజు కడితేగాని వూరు మనకి చదువు చెప్పదని అప్పుడు తెలిసింది.

అలాగని ఆ రోజులన్నీ బంగారంలాంటివని నేననను. దారి అడగడంలోని అందం గురించి రాసేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. వాళ్ళకి ఎదురయ్యేది నామోషీ. మనకి ఎదురయ్యేది భయం. ఒకసారి ఒకాయన నాకు దారి చూపిస్తానని బయల్దేరి, నేను చేరవలసిన చోటికి చేరాక కూడా వెనకాలే వచ్చాడు. ఒక కొట్లోకి దూరి, అవసరం లేని అరకేజీ కందిపప్పు కొని, అతను కదిలేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ కందిపప్పు వండుకున్న రోజు కూడా మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇకమీదట ఒంటరిగా వెళ్ళొద్దంటారని!

ఇప్పుడు మా అమ్మాయి గచ్చిబౌలిలో రాత్రి డ్యూటీ ముగించుకుని, తెలియని వీధుల్లోంచి ఒంటరిగా ఇంటికి వస్తుంది. ఎవర్నీ అడగదు. తను ఎక్కడుందో కదిలే చుక్కలా నా ఫోనులో నాకు కనిపిస్తూ వుంటుంది. ఆ చుక్క మా గేటు ముందు ఆగేదాకా నేను పడుకోను, అది వేరే సంగతి. కానీ దారి తెలియదన్న ఒక్క కారణంగా ఆడపిల్ల ఇంట్లో ఆగిపోయే రోజు పోయింది. నేను కొత్తకోడలిగా వున్నప్పుడు ఈ ఫోనే వుంటే, ఆయన చెప్పులు అంత శ్రద్ధగా చూసివుండేదాన్ని కాదు. అందుచేత దీన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

అసలు ఈ ఫోనుకి దారి ఎలా తెలుస్తుందని ఒకరోజు మా అబ్బాయిని కూచోబెట్టి అడిగాను. ఆకాశంలో ఉపగ్రహాలు మనల్ని చూసి చెబుతాయని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది తప్పట. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ “నేను ఫలానాచోట వున్నాను, ఇప్పుడు టైమింత” అని చాటుతూ వుంటాయి, అంతే. మనం ఎక్కడున్నామో వాటికి తెలియదు. కనీసం నాలుగింటి మాటలు విని, ఏ మాట ఎంత ఆలస్యంగా చేరిందో చూసి, మన ఫోనే లెక్క కట్టుకుంటుంది. ఈ ఏర్పాటు అమెరికా సైన్యం కోసం పుట్టింది. 1995 నాటికి పూర్తిగా తయారైంది. మామూలు జనానికి మాత్రం కావాలనే కాస్త తప్పుగా అందించేవారు. ఆ తప్పు కలపడం 2000 మే నెలలో మానేశాక సందుల్లోకి వెళ్ళేవాళ్ళకి కూడా పనికొచ్చింది.

“సరే, ముందు రోడ్డుమీద రద్దీ వుందని ఎలా తెలుస్తుందిరా?” అన్నాను.

“ముందు వెళుతున్నవాళ్ళ జేబుల్లో కూడా ఫోన్లున్నాయి కదమ్మా! అవన్నీ మెల్లగా కదులుతుంటే ఆ రోడ్డు ఎర్రగా చూపిస్తుంది.”

నాకు భలే ఆశ్చర్యం వేసింది. అంటే ఇప్పటికీ మనకి దారి చెబుతున్నది మనుషులే! అమీర్‌పేట చౌరస్తాలో ఇరుక్కుపోయి హారన్లు కొట్టుకుంటున్న వెయ్యిమంది, తమకి తెలియకుండానే, వెనక వస్తున్న నాకు “ఇటు రాకమ్మా” అని చెబుతున్నారన్నమాట. బిందె పక్కన పెట్టి నాతో నడిచి వచ్చిన ఆవిడ చేసిన పనే వాళ్ళూ చేస్తున్నారు. తేడా ఒక్కటే. ఆవిడ మొహం నాకు నలభై ఏళ్ళ తర్వాత కూడా గుర్తుంది. ఈ వెయ్యిమందిలో ఒక్కరి మొహమూ నేను చూడలేదు. ఉపకారం పొందాను గానీ ఎవరికి రుణపడ్డానో తెలియదు. రుణం తెలియకపోతే తీర్చాలన్న ధ్యాసా వుండదు. మర్నాడు కుళాయి దగ్గర ఆవిడ కనిపిస్తే “పిల్లాడికెలా వుంది?” అని అడిగింది. ఆ పిల్లాడికి తగ్గాక నేను నాలుగు అప్పచ్చులు పట్టుకెళ్ళి ఇచ్చాను. దారి ఒక రోజుది, ఆ స్నేహం మేం ఆ వాటా ఖాళీ చేసేదాకా సాగింది.

లండన్‌లో టాక్సీ నడిపేవాళ్ళకి ఒక పరీక్ష వుందట. దాని పేరే “నాలెడ్జ్”. ఊరి నడిబొడ్డు నుంచి ఆరుమైళ్ళ లోపల వున్న సుమారు 25,000 వీధులు కంఠతా రావాలి. మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఎలియనార్ మగ్వైర్ అనే శాస్త్రవేత్త ఆ డ్రైవర్ల మెదళ్ళని పరీక్షించి, దారుల జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోకాంపస్ అనే చిన్న భాగం వెనకవైపు, మామూలువాళ్ళకంటే వాళ్ళకి పెద్దదిగా వుందని 2000లో చెప్పింది. పుట్టుకతోనే అంతేమోనని అనుమానం వుంటుంది కదా? అందుకని చదువుకుంటున్నవాళ్ళని కొన్నేళ్ళపాటు గమనించి 2011లో మళ్ళీ చెప్పారు, పరీక్ష నెగ్గినవాళ్ళకే అక్కడ పెరిగింది, నెగ్గనివాళ్ళకి పెరగలేదు. వదినగారు చెప్పిన మాటే ఇది. నడిచిన వీధులు మనవైపోతాయి. ఎక్కడో మనసులోనే అనుకున్నాను గానీ, మెదడు కండలో కూడా చోటు చేసుకుంటాయన్నమాట.

అయితే మనం టాక్సీ నడపాలా ఏమన్నానా? 25,000 వీధులు బుర్రలో పెట్టుకుని ఏం చేసుకుంటాం? ఆ ఖాళీలో ఇంకేదైనా మంచి విషయం పెట్టుకోవచ్చు కదా? ఈ ప్రశ్న న్యాయమైనదే. చింతపండు ధర దగ్గర్నుంచి బీరకాయపీచు చుట్టరికాల దాకా ఏమేం మోస్తున్నామో మన బుర్రకే తెలుసు. ఒక బరువు తగ్గితే సంతోషమే. నేనూ ఇలాగే సమాధానపడి, నాకు తెలిసిన వూరిని మెల్లమెల్లగా ఫోనుకి అప్పగించేశాను. ఇంతకీ ఆ సాయంత్రం సంగతి.

పక్కవాటా వదినగారు ఆ నల్లకుంట సందులోనే వుండిపోయింది. ఆయన పోయాక ఒంటరిగా వుంటే, పోయిన ఏడాది వాళ్ళబ్బాయి పుణె తీసుకుపోతానని వచ్చాడు. “సాయంత్రం నాలుగున్నరకి విమానాశ్రయానికి బయల్దేరతాం, ఒకసారి కనిపించు” అని ఫోను చేసింది. ఆవిడకి డెబ్భై తొమ్మిది. మళ్ళీ ఈ వూరు వస్తుందన్న నమ్మకం ఆవిడకీ లేదు, నాకూ లేదు. సున్నుండలు చుట్టి డబ్బాలో పెట్టుకుని, మియాపూర్ నుంచి మా అబ్బాయి కారులో బయల్దేరాను. వాడు ఫోను ఎదురుగా పెట్టుకున్నాడు.

శంకర్‌మఠం దాటి కొంచెం ముందుకు వెళ్ళాక ఫోను, “ఎడమవైపు తిరగండి” అంది.

నాకు తెలుసు. ఎడమ కాదు. ఇంకా ముందుకు వెళ్ళాలి. ఆ వేపచెట్టు ఇప్పుడు లేదు గానీ, అది వున్న చోటు నా కాళ్ళకి తెలుసు. నోటిదాకా మాట వచ్చింది. “ఎన్నేళ్ళయిందో నేనొచ్చి! రోడ్లు మారి వుంటాయి. దానికి తెలియకపోతే నాకు తెలుస్తుందా?” అనుకుని మింగేశాను. వాడు ఎడమవైపు తిప్పాడు. రెండు మలుపులు తిరిగాక, “మీరు చేరవలసిన చోటు వచ్చింది” అంది ఫోను.

ఎదురుగా గోడ. గోడకి అవతల వదినగారి పెరటి మునగచెట్టు కొమ్మలు కనిపిస్తున్నాయి. ఇల్లు అదే. గుమ్మమే లేదు. మేమున్నది వెనకసందు.

ఇరుకుసందులో కారు వెనక్కి తీయడానికే పదినిమిషాలు పట్టింది. బయటికొచ్చాక రోడ్డంతా ఆటోలు. వదినగారు రెండుసార్లు ఫోను చేసింది. మూడోసారి, “అబ్బాయి తొందరపడుతున్నాడమ్మా, ఇంక ఆగలేను. ఏమీ అనుకోకే” అంది. మేం గుమ్మం ముందుకి వచ్చేసరికి తాళం వుంది. పొద్దున్న వేసిన ముగ్గు అలాగే వుంది.

మూలమీద ఇస్త్రీబండి కూడా అలాగే వుంది. పెద్దాయన పోయాడు, ఇప్పుడు ఆయన కొడుకు. నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

“ఎన్కసందులకు పోయిండ్రా అమ్మా? అందరు గట్లనే పోతున్నరు. ఫోను గాడ్నే దించుతది. ఈడ ఆగి నన్నడిగితే చెప్పకపోదునా?” అన్నాడు. తర్వాత బండి కింద నుంచి ఒక తులసికుండీ తీశాడు. “పెద్దమ్మ మీకియ్యమన్నది.”

ఆ కుండీ ఒళ్ళో పెట్టుకుని, సున్నుండల డబ్బా కాళ్ళ దగ్గర పెట్టుకుని ఇంటికి వచ్చాను. నాలుగు నెలల తర్వాత, సంక్రాంతి ముందు, ఆవిడ పోయిందని కబురు వచ్చింది.

మా అబ్బాయి చాలా బాధపడ్డాడు. “ఫోను తప్పు చెప్పిందమ్మా” అన్నాడు. పాపం, అది ఏం తప్పు చెప్పింది? ఇల్లెక్కడుందో అక్కడికే తీసుకెళ్ళింది. గుమ్మం ఏ వైపు వుందో దానికి తెలియదు. గుమ్మం సంగతి తెలిసింది నాకు. చెప్పనిది నేను. ఎవరైనా నా నోరు మూశారా అంటే అదీ లేదు. అబ్బాయితో ఒక్క మాట అంటే కారు తిప్పేవాడే. నా తెలివికి నా దగ్గరే విలువ లేకపోయింది.

ఈ ఒక్క విషయమే చాలా రోజులు ఆలోచించాను. ఇంకొకరి మీద ఆధారపడటం తప్పా? తప్పు కానేకాదు. డాక్టరు మీద, దర్జీ మీద, పాలవాడి మీద ఆధారపడకుండా ఏ ఇల్లూ సాగదు. ఆధారపడటం వేరు, అప్పగించెయ్యడం వేరు. పాలవాణ్ణి నమ్ముతాం గానీ గిన్నెలో పోసుకున్నాక పాలు ఒకసారి చూస్తాం. చూసి, పల్చగా వుంటే అడుగుతాం. ఆ అడిగే నోరు పోనంతవరకూ అది ఆధారపడటమే. అది పోయిననాడు అప్పగించేసినట్టు.

ఈ అప్పగించడం మన ఆడవాళ్ళకి బాగా అలవాటైన విద్య. పుట్టింట్లో నాన్నగారికి తెలుసు, అత్తవారింట్లో మావగారికి తెలుసు, ఆ తర్వాత మావారికి తెలుసు, ఇప్పుడు పిల్లలకి తెలుసు. “నాకేం తెలుసు లెండి” అనడాన్ని మనం వినయం అనుకుంటాం. ఒక్కోసారి అది వినయమే. ఒక్కోసారి మాత్రం, తప్పయితే నామీదికి రాకుండా చేసుకునే ఉపాయం. ఆ సాయంత్రం నేను “కుడివైపు”, “ముందుకు” అనివుంటే, అది తప్పయితే మాట నాకు వచ్చేది. ఫోను చెప్పినట్టు వెళితే ఎవరికీ మాట రాదు. మాట రాకూడదన్న ఆ కాస్త సుఖం కోసం, ఆవిణ్ణి ఒక్కసారి చూసుకునే భాగ్యాన్ని పోగొట్టుకున్నాను. ఫోను ఎన్ని దారులు చెప్పినా చెప్పవచ్చు. నేను నోరు మూసుకున్నానంటే ఆ జవాబుదారీ మాత్రం దానికి అంటగట్టలేను.

మా వూళ్ళో పేటల పేర్లు చూడండి. లక్డీకాపూల్‌లో కర్రవంతెన లేదు. మాసబ్‌ట్యాంకులో చెరువు లేదు. ఏనాడో పడగొట్టిన సినిమాహాళ్ళ పేర్లు చెప్పి ఇప్పటికీ ఆటోలు ఎక్కుతున్నాం. ఎవరో ఒకరు ఇంకా చెప్పుకుంటూ వుండబట్టే అవి వున్నాయి. మా వేపచెట్టు కూడా అలాంటిదే. నేను చెప్పడం మానేస్తే అది రెండోసారి పోయినట్టు.

అందుకని ఒక చిన్న నియమం పెట్టుకున్నాను. కొత్తచోటికి ఫోను మాట వింటాను. చీకటిపడితే తప్పకుండా వింటాను, మా అమ్మాయినీ వినమంటాను. తెలిసినచోటికి వెళ్ళేటప్పుడు మాత్రం నాకు తోచింది పైకి చెబుతాను. చెవిన పెట్టడం, పెట్టకపోవడం నడిపేవాళ్ళ ఇష్టం. చివరి రెండు వీధుల్లో కారు దిగి ఎవరో ఒకర్ని అడుగుతాను. నోరు మంచిదైతే వూరు మంచిదవుతుందని పెద్దలు వూరికే అనలేదు.

మొన్నటి ఆ పెళ్ళికి వెళ్ళేటప్పుడు ఇదే జరిగింది. ఆ పేట నాకు బాగా తెలుసు. మండపం ఇంకో రెండు వీధులుందనగా ఫోను, “ఎడమవైపు తిరగండి” అంది.

“కుడివైపు తిప్పరా!” అన్నాను గట్టిగా. మా అబ్బాయి అద్దంలోంచి నాకేసి ఒకసారి చూసి, ఏమీ అనకుండా కుడివైపు తిప్పాడు.

నూరుగజాలు వెళ్ళామో లేదో, రోడ్డుకి అడ్డంగా గొయ్యి. మంచినీళ్ళ గొట్టాలకోసం తవ్వారట. మావారికి పట్టరానంత ఆనందం. “ఇక నీ మాట విన్నట్టే!” అన్నారు. కోడలు పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. తప్పయిందని నాకేమాత్రం బాధ కలగలేదు.

కారు దిగి, గొయ్యి పక్కన నిలబడ్డ కుర్రాణ్ణి మండపానికి దారి అడిగాను. మంచి పిల్లాడు, మండపం గేటుదాకా మాతోపాటు నడిచి వచ్చాడు. పెళ్ళిభోజనం చేసి వెళ్ళమంటే సిగ్గుపడుతూ వచ్చి మా బంతిలోనే కూచున్నాడు.